వైరసు మాంసకృత్తులను తూచి వ్యాధిని గుర్తించుట

మలికిపురము మండలమున రొయ్యల చెరువులు గల రైతులకు పి.సి.ఆర్. పరీక్ష అను మాట కోవిడ్ కాలమున క్రొత్తగా వినబడినది కాదు. 1994-95 సంవత్సరములందు తెల్లమచ్చల వైరసు మన కోస్తా చెరువులలో ప్రవేశించి, ఎదిగిన పంటను కొలది దినములలోనే నీటిపాలు చేసినది. పిదప రైతులు మెలకువ నేర్చిరి. హేచరీనుండి పిల్లను తెచ్చుటకు ముందు కొన్నింటిని ప్రయోగశాలకు పంపి, వైరసు లేదను కాగితము చేతికి వచ్చిన తరువాతనే చెరువులో వదలు అలవాటు ఏర్పడినది. రొయ్యపిల్ల విషయమున ఇంత జాగరూకత చూపు గ్రామములలోనే, మనుష్యునికి జ్వరము తగిలినపుడు మాత్రము “ఋతువు మారినది, రెండు బిళ్లలు వేసికొనిన అదియే తగ్గును” అని వారము దినములు గడపివేయుటను మేము చూచుచునే యున్నాము.

ఇటీవలి సంవత్సరములలో వైరసు వ్యాధులను గుర్తించుటకు మరియొక మార్గమున శాస్త్రజ్ఞులు కృషి చేయుచున్నారు. వైరసు శరీరమందలి మాంసకృత్తులను మిక్కిలి సూక్ష్మముగా తూచి, ఆ తూనికనుబట్టి అది ఏ వైరసో చెప్పుట ఈ మార్గము. ఇందుకు వాడు సాధనమునకు మాస్ స్పెక్ట్రోమీటరు అని పేరు. “నిమిషములలో వైరసును పట్టు యంత్రము” అను తీరున దీనినిగూర్చి పత్రికలలో వార్తలు వచ్చినపుడు, అట్టి యంత్రము మన ఆసుపత్రికి ఎప్పుడు వచ్చునని పంచాయతీ సభ్యులు ప్రశ్నించుట సహజము. రాజ్యాంగము 11వ షెడ్యూలులో 23వ అంశము ఆరోగ్యము, పారిశుద్ధ్యము. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు అందులోనివే. కావున ప్రశ్నించు అధికారము వారికి కలదు. ఈ యంత్రము ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలిసిన యెడల ఆ ప్రశ్న మరింత సూటిగా ఉండును.

వైరసు జాడ తీయు మూడు దారులు

వైరసు అనునది బహు చిన్న వస్తువు. దాని లోపల జన్యుపదార్థమను ఒక దారము, ఆ దారమును చుట్టియు కప్పియు ఉండు మాంసకృత్తులు, కొన్నింటికి క్రొవ్వుతో కూడిన పైపొర, ఇంతియే దాని సంపద. కనుక రోగి శరీరమున వైరసును వెదకువారు దారమునైనను వెదకవలెను, మాంసకృత్తులనైనను వెదకవలెను. మూడవదిగా, వైరసుతో పోరాడుటకై రోగి శరీరము తయారుచేసికొను ప్రతిరక్షకములను వెదకవచ్చును గాని, అవి పుట్టుటకు కొన్ని దినములు పట్టును.

పి.సి.ఆర్. పరీక్ష దారమును వెదకును. దాని బలమంతయు రెట్టింపులో నున్నది. నమూనాలో ఒక్క దారమున్నను, యంత్రము దానికి నకలు తీయును. ఒకటి రెండగును, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదగును. ఇట్లు 30 మారులు రెట్టించిన లెక్కకు 107 కోట్లు దాటును. అంత పెరిగిన పిదప కనుగొనుట కష్టము కాదు. కావుననే అతి స్వల్పముగా వైరసు ఉన్న రోగిని కూడ ఆ పరీక్ష పట్టగలుగుచున్నది.

మాంసకృత్తులను వెదకు పరీక్ష మన గ్రామములకు తెలియనిది కాదు. డెంగీ జ్వరమునకు చేయు ఎన్.ఎస్.1 పరీక్ష అట్టిదే. డెంగీ వైరసు శరీర కణములలో పెరుగునపుడు ఎన్.ఎస్.1 అను మాంసకృత్తు రక్తములోనికి విడుదల యగును. ఆ మాంసకృత్తునే అంటిపట్టుకొను ప్రతిరక్షకమును ముందుగానే తయారుచేసి కార్డుపైనను, ఎలీసా పళ్లెరముపైనను పూసియుంచెదరు. రక్తములో ఎన్.ఎస్.1 ఉన్నచో అచ్చట చిక్కుకొనును. జ్వరము వచ్చిన మొదటి 5 దినములలో ఈ పరీక్షయు, అటుపిమ్మట ఐ.జి.ఎం. ప్రతిరక్షకముల పరీక్షయు చేయవలెనని ప్రభుత్వ నియమము. కార్డుపై వచ్చిన ఫలితమును అనుమానిత కేసుగనే పరిగణించి, ఎలీసాతో నిర్ధారించుకొందురు. కోవిడ్ సమయమున ముక్కులో పుల్ల పెట్టి 15, 20 నిమిషములలో ఫలితము చెప్పిన ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష కూడ ఈ జాతిలోనిదే.

ఈ కార్డు పరీక్షలకు ఒక ఇబ్బంది కలదు. అవి వైరసును స్వయముగా చూడవు. ప్రతిరక్షకము పట్టినదా లేదా అన్నదే చూపును. ఒక వైరసుకు తయారుచేసిన ప్రతిరక్షకము దాని దాయాది వైరసును కూడ పట్టుకొనిన పొరపాటు ఫలితము వచ్చును. పైగా క్రొత్త వ్యాధి వచ్చినపుడు దానికి తగిన ప్రతిరక్షకమును తయారుచేయుటకు నెలలు పట్టవచ్చును. మధ్యవర్తి లేకుండ మాంసకృత్తునే నేరుగా గుర్తించుట సాధ్యమా అను ఆలోచనయే మాస్ స్పెక్ట్రోమీటరు వైపు దారి తీసినది.

ఈ కాటా ఎట్టిది?

మాస్ స్పెక్ట్రోమీటరు అనగా అణువులను తూచు కాటా యని చెప్పవచ్చును. మామూలు కాటాలో భూమి ఆకర్షణచే బరువు తెలియును. అణువు విషయమున అది పనికిరాదు. కావున అణువుకు విద్యుదావేశము కలిగించి, గాలి లేని గొట్టములోనికి పంపి, అది విద్యుత్ బలమునకు లోబడి ఎట్లు కదలునో చూచి బరువు కట్టుదురు. కాలువలో ఖాళీ దోనెను, కొబ్బరికాయలు నింపిన పడవను ఒకే బలముతో నెట్టినచో, దోనె ముందుగా ఆవలి రేవు చేరును, పడవ వెనుకబడును. గడియారము పట్టి చూచినవాడు తక్కెడ లేకయే ఏది ఎంత బరువో చెప్పగలడు. ఈ యంత్రములలో ఒక రకము సరిగా ఇట్లే పనిచేయును. మరికొన్ని రకములు అణువుల దారిని విద్యుత్ క్షేత్రములతో వంచి తూచును.

ఈ విద్య పాతది. ఇంగ్లండులో జె.జె. థామ్సన్ తీసిన దారిలో, 1919లో ఆస్టన్ అను శాస్త్రజ్ఞుడు మంచి యంత్రమును నిర్మించి 1922లో నోబెల్ బహుమానము పొందెను. కాని ఆనాటి యంత్రములు చిన్న చిన్న అణువులను మాత్రమే తూచగలిగినవి. మాంసకృత్తు పెద్దది, సున్నితమైనది. వేడిచేసి ఎగురగొట్ట జూచిన చితికిపోవును. ఆ చిక్కు 1980-90 నడుమగాని విడలేదు. అమెరికాలో జాన్ ఫెన్, మాంసకృత్తులు కరగియున్న ద్రవమునకు విద్యుత్తు పట్టించి సన్నని తుంపరగా చిమ్మిన అవి చెడకుండ గాలిలోనికి లేచునని చూపెను. ఏనుగుల వంటి అణువులకు రెక్కలు కట్టుట అని ఆయన ఛలోక్తిగా చెప్పుచుండెడివాడు. జపానులో షిమాజు కంపెనీలో ఇంజనీరుగానున్న కోయిచి తనాకా లేజరు కాంతితో అదే పనిని సాధించెను. ఆయన కథ వినదగినది. సన్నని లోహపుపొడిలో ఒకనాడు పొరపాటున గ్లిజరిను కలిసినది. ఖరీదైన పొడిని పారవేయుటకు మనసొప్పక, దానితోనే ప్రయోగము చేసి చూడగా పెద్ద అణువు చెడకుండ లేచినది. 2002లో వీరిరువురును రసాయనశాస్త్ర నోబెల్ బహుమానమున భాగము పొందిరి.

రోగి ముక్కునుండియో గొంతునుండియో తీసిన నమూనాను ఇక ఎట్లు తూచెదరో చూతము. మొదట వైరసును వేడిచేతనో మందుచేతనో చంపివేయుదురు. తరువాత ట్రిప్సిను అను ఎంజైమును కలుపుదురు. ఇది మన చిన్నప్రేగులో ఆహారమును అరిగించుటకు ఉపకరించునదే. దీని స్వభావము విచిత్రమైనది. మాంసకృత్తు అనగా 20 రకముల అమైనో ఆమ్లములను పూసలవలె గుచ్చిన దండ. అందు లైసిను, ఆర్జినిను అను రెండు రకముల పూసలు వచ్చినచోటనే ట్రిప్సిను త్రెంచును. ఇతర స్థలములను ముట్టదు. వెదురుబొంగును గణుపులవద్ద మాత్రమే నరుకు పనివానితో దీనిని పోల్చవచ్చును. అందుచేత ఒకే మాంసకృత్తును బొంబాయిలో నరికినను బ్రెజిలులో నరికినను అవే ముక్కలు వచ్చును. వీనికి పెప్టైడులని పేరు. వీనిని సన్నని గొట్టము గుండ ప్రవహింపజేసి, ఒకదానివెనుక నొకటి వచ్చునట్లు వేరుపరచి, కాటాలోనికి పంపుదురు.

అయితే తూనిక ఒక్కటే చాలదు. రెండు బస్తాలు సమముగా తూగినంత మాత్రమున రెండింటను ఒకే ధాన్యమున్నదని వర్తకుడు ఒప్పుకొనడు. మూతి విప్పి చూచును. యంత్రము కూడ ఆ పనియే చేయును. తనకు కావలసిన బరువుగల ముక్కను ఏరి, దానిని వాయువు అణువులతో ఢీకొట్టించి మరల పగులగొట్టి, ఆ తునుకలను రెండవమారు తూచును. ముక్క బరువును, తునుకల బరువులును, గొట్టమునుండి వెలువడు వేళయు మూడును సరిపోయిననే “వైరసు మాంసకృత్తు ఉన్నది” అని వ్రాయుదురు. ఇంత గట్టి సాక్ష్యము అగుటచేతనే ఈ పద్ధతికి గౌరవము.

ఒక ముక్క కథ

కోవిడ్ వైరసు జన్యుదారమును చుట్టియుండు మాంసకృత్తు 419 అమైనో ఆమ్లముల దండ. వైరసులోని ఇతర మాంసకృత్తులకంటె ఇది సమృద్ధిగా నుండును. ఒక్కొక్క వైరసులో జన్యుదారము ఒక్కటియే కాగా, ఈ మాంసకృత్తు వందల సంఖ్యలో నుండును. కావున పరిశోధకులలో పెక్కుమంది దీనినే వెదకిరి. ట్రిప్సిను దీనిని త్రెంచగా వచ్చు ముక్కలలో, 376వ పూస మొదలు 385వ పూస వరకుగల పది పూసల ముక్క ఒకటి. హైడ్రోజను పరమాణువు బరువును ఇంచుమించు 1 అనుకొనిన, ఈ ముక్క బరువు 1127.6. యంత్రములో ఇది సాధారణముగా రెండు ఆవేశములు పొంది ఎగురును గనుక 564.8 అను గుర్తువద్ద కనబడును. మన మండలములోని రోగియైనను, జర్మనీలోని రోగియైనను అదే అంకె.

గమనింపదగిన విషయమేమన, ఈ అంకెను కనుగొనుటకు రోగి అవసరము లేదు. 2020 జనవరిలో చైనా శాస్త్రజ్ఞులు వైరసు జన్యుక్రమమును లోకమునకు ప్రకటించిరి. ఆ క్రమమునుబట్టి మాంసకృత్తు ఏదో, అది ఎచ్చట తెగునో, ముక్కల బరువెంతో కాగితముపైననే కట్టవచ్చును. ప్రతిరక్షకము తయారగువరకు వేచియుండనక్కరలేదు. క్రొత్త వ్యాధి తలయెత్తినపుడు దినములు విలువైనవి గనుక, ఈ పద్ధతి గొప్పలలో ఇదియొకటి.

అయితే ఆ కథ అంతటితో ముగియలేదు. 2021 ఏప్రిల్, మే నెలలలో మన రాష్ట్రమును, దేశమును కలచివైచిన రెండవ విజృంభణకు డెల్టా అను రూపాంతరము ముఖ్యకారణము. ఆ డెల్టాలో ఈ మాంసకృత్తునందు జరిగిన మార్పులలో ఒకటి సరిగా 377వ పూసవద్దనే. అచ్చట ఆస్పార్టిక్ ఆమ్లము తొలగి టైరోసిను చేరినది. పది పూసలలో ఒక్కటి మారుటచే ముక్క బరువు 48 పెరిగి 1175.6 అయినది. 564.8 వద్ద మాత్రమే కాపువేసి కూర్చున్న యంత్రమునకు డెల్టా రోగి నమూనాలో ఆ ముక్క కనబడదు. వైరసు నిండుగా ఉన్నను “లేదు” అనవలసివచ్చును. కావున ఒకే ముక్కపై ఆధారపడక అనేక ముక్కలను ఏకకాలమున వెదకవలెనని నేర్చుకొనిరి. ఇదే సంగతిని తిరుగవేసి చూచిన లాభము కూడ కలదు: క్రొత్త బరువును కూడ వెదకిన, వచ్చినది పాత వైరసో డెల్టాయో అదే తూనికలో తెలియును.

ప్రయోగములు ఏమి చెప్పినవి?

2020లో పి.సి.ఆర్. సామగ్రికి ప్రపంచమంతట కొరత ఏర్పడినపుడు, అనేక దేశముల ప్రయోగశాలలు తమవద్దనున్న మాస్ స్పెక్ట్రోమీటర్లను ఈ పనికి త్రిప్పినవి. జర్మనీలో హాలె విశ్వవిద్యాలయమువారు రోగులు పుక్కిలించి ఉమిసిన ఉప్పునీటిలో వైరసు మాంసకృత్తు ముక్కలను గుర్తించిరి. కొద్దిమంది రోగులతో చేసిన ప్రయోగమే గాని, ముక్కులో పుల్ల లేకుండ పని జరుగవచ్చునని చూపినది.

అన్నింటిలో పెద్ద పరీక్ష బ్రెజిలులో జరిగినది. అచ్చటివారు యంత్రమునకు నాలుగు గొట్టములు అమర్చి, 10 నిమిషములలో నాలుగు నమూనాలను, ఒక దినమున 500కు మించిన నమూనాలను పరీక్షించు ఏర్పాటు చేసిరి. అంతకుముందే పి.సి.ఆర్. ఫలితము తెలిసిన 985 నమూనాలను తూచి చూడగా, వ్యాధి ఉన్నవారిలో హెచ్చుగా 84 శాతమును, లేనివారిలో హెచ్చుగా 97 శాతమును సరిగా చెప్పగలిగిరి. ఈ 84 అను అంకెవద్ద కొంత నిలువవలెను. నూరుగురు రోగులలో తక్కువలో తక్కువ 16 మందిని ఇంత ఖరీదైన యంత్రము పోనిచ్చినది. ఆ పదునారుగురు “నాకేమియు లేదు” అను కాగితముతో అంతర్వేది కల్యాణమునకో, పెండ్లివారింటికో వెళ్లినయెడల ఏమగునో సభ్యులు ఊహింపగలరు.

యంత్రము చెడ్డది గనుక ఇట్లు జరిగినదని అనరాదు. మొదట చెప్పిన రెట్టింపు సంగతిని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. జన్యుదారమునకు నకలు తీయవచ్చును. మాంసకృత్తుకు నకలు తీయు ఉపాయము ప్రకృతిలో లేదు. నమూనాలో ఎంత ఉన్నదో అంతయే తూచవలెను. పైగా ముక్కునుండి తీసిన చీమిడిలో రోగి స్వంత మాంసకృత్తులు రాశులుగా నుండును. వాని నడుమ వైరసు ముక్క ధాన్యపు గాదెలో ఆవగింజ వంటిది. వైరసు ఉధృతముగా నున్న దినములలో నమూనా తీసిన పట్టుబడును. అంతకు ముందుగానో, బాగుగా తగ్గిన పిమ్మటనో తీసిన జారిపోవును. అమెరికాలో మేయో క్లినిక్ వారు, వైరసు మాంసకృత్తును ప్రతిరక్షకములతో ముందుగా ఏరి, పిదప తూచు మార్గమున ఈ లోపమును చాలవరకు తగ్గించిరి. కాని అందుచే ప్రతిరక్షకముల అవసరము మరల వచ్చినది.

దక్షిణ అమెరికాలోనే అర్జెంటీనా, చిలీ, పెరూ దేశముల నమూనాలు 362 తీసికొని మరియొక విధమున చూచిరి. వారు వైరసు ముక్కను ప్రత్యేకముగా వెదకలేదు. నమూనా మొత్తము తూనికలు ఏ ఆకారమున నున్నవో చూచి, రోగుల ఆకారమును ఆరోగ్యవంతుల ఆకారమును కంప్యూటరుకు నేర్పిరి. దాదాపు 94 శాతము సరిపోయినది. ఇందు కనబడునది వైరసుకంటె రోగి శరీరపు ప్రతిస్పందనయే కావచ్చును గనుక, మరియొక జ్వరము వచ్చినపుడు అదే ఆకారము రాదను నమ్మకము లేదని మా అభిప్రాయము.

మన దేశమున బొంబాయి ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు అచ్చటి కస్తూర్బా అంటువ్యాధుల ఆసుపత్రితో కలసి రోగుల నమూనాలలోని మాంసకృత్తులను తూచి, వ్యాధి తీవ్రము కానున్నవారిని ముందుగా గుర్తించు జాడలు ఉన్నవా యని పరిశీలించిరి. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ మాస్ స్పెక్ట్రోమెట్రీ విద్యలో చిరకాలముగా పేరొందినది. దానికి సమీపముననే సి.సి.ఎం.బి. అను కణ, అణు జీవశాస్త్ర కేంద్రము కలదు. కోవిడ్ కాలమున సి.సి.ఎం.బి. చేసిన మేలు తూనికకు సంబంధించినది కాకపోయినను గ్రామములకు ముఖ్యమైనది గనుక చెప్పుచున్నాము. అంతవరకు ముక్కునుండి తీసిన పుల్లను ఒక ద్రవములో ముంచి పంపుచుండిరి. ఆ ద్రవము ఒలికిన నమూనా పోవుటయేగాక, తెచ్చువారికి అపాయము. పుల్లను పొడిగానే పంపి, ప్రయోగశాలలో వేడిచేసి నేరుగా పి.సి.ఆర్. చేయవచ్చునని సి.సి.ఎం.బి. వారు చూపిరి. 2020 నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి ఈ పద్ధతిని ఆమోదించినది.

ఆసుపత్రులలో మాస్ స్పెక్ట్రోమీటరు ఇప్పటికే స్థిరపడిన పని ఒకటి కలదు. అది బాక్టీరియాలను గుర్తించుట. రోగి రక్తమునుండియో మూత్రమునుండియో బాక్టీరియాను ముందు పళ్లెరములో పెంచి, ఒక చుక్కంత తీసి లేజరుతో తూచిన కొన్ని నిమిషములలో దాని జాతి తెలియును. అమెరికా ప్రభుత్వము 2013లో దీనికి అనుమతి నిచ్చినది. మన దేశమునందును పెద్ద ఆసుపత్రులలో వాడుచున్నారు. బాక్టీరియాను పెంచి రాశి చేయవచ్చును. వైరసు జీవకణములలోగాని పెరుగదు గనుక ఆ సౌకర్యము లేదు. వైరసు వ్యాధుల నిత్యపరీక్షకు నేటికిని పి.సి.ఆర్., ఎలీసా, కార్డు పరీక్షలే ఆధారములు.

మలికిపురమునుండి పోవు నమూనా

కావున మన ఆసుపత్రికి ఈ యంత్రము ఎప్పుడు వచ్చునను ప్రశ్నకు సమాధానము: సమీపకాలమున రాదు, రానక్కరలేదు. దాని వెల కోట్ల రూపాయలలో నుండును. ఎడతెగని విద్యుత్తు, చల్లని గది, శుద్ధమైన వాయువులు, సంవత్సరముల శిక్షణ పొందిన నిపుణులు కావలెను. అది వచ్చినను పెద్ద నగరములోని ప్రయోగశాలకు వచ్చును. నమూనా దానివద్దకు పోవలెను. పి.సి.ఆర్. యైనను తూనికయైనను, మన గ్రామమునకు సంబంధించిన భాగము నమూనా తీయుట, కాపాడుట, చేర్చుట, ఫలితమును సరిగా అర్థము చేసికొనుట. ఆ భాగము చెడినయెడల ఆవల ఎంతటి యంత్రమున్నను ప్రయోజనము లేదు.

ఆ దారిని ఒక్కమారు కన్నులముందు పెట్టుకొనుడు. 2020లో మలికిపురము తూర్పు గోదావరి జిల్లాలో నుండెను. జిల్లాకు పరీక్షాకేంద్రము కాకినాడ రంగరాయ వైద్య కళాశాల. 2022 ఏప్రిల్ 4వ తేదీన కోనసీమ జిల్లా ఏర్పడి అమలాపురము జిల్లాకేంద్రమైనది. అయినను నదులు ఉన్నచోటనే ఉన్నవి. ఇచ్చట తీసిన నమూనా రాజోలు మీదుగా పోయి బోడసకుఱ్ఱు వంతెనపై వైనతేయను దాటి అమలాపురము చేరవలెను. కాకినాడ పోవలసినదైన యెదుర్లంక, యానాముల నడుమ గౌతమిని కూడ దాటవలెను. 2022 జూలైలో వచ్చిన గోదావరి వరదవంటిది వచ్చిన, లంకగ్రామములనుండి నమూనా గట్టుకు చేరుటకే పడవ కావలెను. వరద తీసిన పిమ్మటనే జ్వరములు హెచ్చుననునది అందరెరిగినదే. అట్టి దినములలో ఆరోగ్య సిబ్బందికి ఒక పడవను ప్రత్యేకించుట, ఉపకేంద్రములో విద్యుత్తు పోయినపుడు మంచుపెట్టెకు మంచు అందించుట పంచాయతీ చేయదగిన పనులు. ద్రవములోనున్న నమూనాను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనమున ఉంచవలెను. జన్యుదారము వేడికి త్వరగా చివికిపోవును. మాంసకృత్తు కొంత గట్టిదే గాని, మండుటెండలో మోటారుసైకిలు పెట్టెలో గంటలతరబడి ఉంచిన ఏ పరీక్షకును పనికిరాదు.

అంతకంటె ముఖ్యమైనది జ్వరము మొదలైన తేదీ. పై వ్రాతలనుబట్టి సభ్యులు గ్రహించియే యుందురు: మాంసకృత్తును వెదకు ఏ పరీక్షకైనను దినము ప్రాణము. డెంగీ జ్వరము ఎనిమిదవ దినమున ఎన్.ఎస్.1 పరీక్ష చేసి “లేదు” అనిన, అది డెంగీ లేదని చెప్పినట్లు కాదు. ఆ దినమున ఐ.జి.ఎం. పరీక్ష చేయవలసియుండెను. రెండవ దినమున ఐ.జి.ఎం. చేసినను అంతియే. తేదీ తెలియక తప్పు పరీక్ష చేసి, ఇంటికి పంపబడిన రోగి ప్లేటిలెట్లు పడిపోయి అర్ధరాత్రివేళ రాజోలుకో అమలాపురమునకో పరుగెత్తవలసివచ్చును. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి జ్వరము ఏనాడు వచ్చినదని అడిగినపుడు “నాలుగైదు దినములైనది” అని తోచినట్లు చెప్పక, ఆదివారమా, సంతనాడా యని లెక్కవేసి చెప్పుమని గ్రామసభలో ఒక్కమారు చెప్పిన చాలును.

కోవిడ్ సమయమున భారత వైద్య పరిశోధన మండలి ఒక నియమము పెట్టినది: జ్వరము, దగ్గు ఉన్నవానికి ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షలో “లేదు” అని వచ్చినచో, పి.సి.ఆర్. చేసి మరల చూడవలెను. “ఉన్నది” అని వచ్చిన మరల చూడనక్కరలేదు. ఈ రెండింటికి గల భేదమును గ్రామములలో చాలమంది పట్టించుకొనలేదు. మాంసకృత్తు కనబడినదనిన వ్యాధి ఉన్నట్లే యని ఇంచుమించుగా నమ్మవచ్చును. కనబడలేదనిన, ఆనాడు ఆ నమూనాలో యంత్రమునకు చాలినంత లేదని మాత్రమే అర్థము. రొయ్యల రైతు ఈ సంగతిని తేలికగా ఒప్పుకొనును. పరీక్షకు పంపిన కొన్ని పిల్లలలో వైరసు లేదనిన, లక్షల పిల్లలలో లేదని కాదు గనుక, అతడు కాగితము వచ్చినను చెరువుగట్టున కాకుల వలలు కట్టుచునే యుండును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. అరచేతిలో ఒక కడ్డీ పట్టుకొనిన చాలును, రక్తము తీయకయే సమస్త వ్యాధులును కంప్యూటరు చెప్పునని నమ్మబలుకుచు, గ్రామములలో ఉచిత శిబిరముల పేరిట తిరుగువారు కలరు. మాస్ స్పెక్ట్రోమీటరువంటి నిజమైన శాస్త్రసాధనముల పేర్లను కూడ వారు వాడుకొనుటకు వెనుదీయరు. పంచాయతీ భవనమును అట్టి శిబిరమునకు ఇచ్చుటకు ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిని సంప్రదింపవలెను. నమూనా తీయకుండ వైరసు మాంసకృత్తును తూచు యంత్రము లోకమున లేదు.

రానున్న సంవత్సరములలో ఈ పద్ధతి మొదట ఉపకరించునది బహుశః రోగి ప్రక్కన కాదు. వింతజ్వరము ఒక ప్రాంతమున చెలరేగి, తెలిసిన పరీక్షలన్నియు “లేదు” అనినపుడు, అది ఏమియో తేల్చు పెద్ద ప్రయోగశాలలో. తెల్లమచ్చల వైరసు విషయమున ఇట్టిదే జరిగినది. ఆ వైరసు పైపొరలోని వి.పి.28 మొదలైన మాంసకృత్తుల జాబితాను పరిశోధకులు పూర్తిచేసినది చాలవరకు మాస్ స్పెక్ట్రోమీటరుతోనే. చెరువుగట్టున వాడు కార్డు పరీక్షలలో కొన్ని ఆ మాంసకృత్తునే పట్టుకొనునట్లు తయారైనవి. మనుష్యుల విషయమునందును తూనిక వెనుకనుండి చూపిన గుర్తును, ముందు కార్డు పట్టుకొనును. ఆ కార్డు మలికిపురము ఉపకేంద్రమునకు వచ్చునాటికి, రిజిస్టరులో రోగి పేరు ప్రక్కన జ్వరము మొదలైన తేదీ వ్రాయుటకు ఒక గడి ఇప్పటికే కలదు. అది ఖాళీగా ఉన్నదో నిండియున్నదో, గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య సంఘము తదుపరి సమావేశమున ఆ పుస్తకమును తెప్పించి చూడవచ్చును.